కావలివాళ్ళ కుళాయి

నమోదు 1. సోమవారం, మార్చి 5

ఈ చిట్టా రాయడానికి నేను ఎవరి ఉప్పూ తినలేదు.

పై వాక్యం లేకపోతే సర్వస్వం, అంటే ఇళ్ళలో యంత్రాలన్నీ చదివి నడుచుకునే విజ్ఞాన సర్వస్వం, ఏ రాతనూ లోపలికి రానివ్వదు కాబట్టి రాశాను. పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం సచివాలయం మేడ మీద గదిలో కూర్చుని ఇదే మాట పైకి చెబుతున్నాను. నాతోపాటు ఇంకో పదిహేనుమంది చెబుతారు. "ఉప్పు?" అని అడుగుతారు, "లేదు" అంటాం, టీ తాగుతాం, ఇళ్ళకు పోతాం. ఫలానా కంపెనీ పోషిస్తే ఈ పుట రాశానని ఒప్పుకుంటే ఎవరూ తల తీసెయ్యరు. ఆ వాక్యం పక్కన పసుపు గీత పడుతుంది, అంతే. గీత పడ్డ వాక్యాన్ని మనుషులు చదువుకోవచ్చు. కుళాయిలు, పొయ్యిలు, మందుల పెట్టెలు మాత్రం చదవవు. అందుకే ఎవడూ ఒప్పుకోడు.

నా పేరు ఎస్తేరు రాణి. దిబ్బపాలెం తాగునీటి పుటకు ఇద్దరు కావలివాళ్ళలో ఒకదాన్ని. రెండో ఆయన మస్తాన్‌రావు మాస్టారు. పుట మీద ఫిర్యాదు వస్తే ఆ రోజు నుంచి చిట్టా రాయాలన్నది నియమం. ఇవాళ వచ్చింది.

పొద్దున డాబా ఎక్కి సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు చారలను వెనిగర్ గుడ్డతో తుడుస్తున్నాను. సముద్రం మా వీధి చివరికి వచ్చి కూర్చున్నాక ఇది రోజూ తప్పని పని. కింద నుంచి ఎవరో పిలిచారు.

"ఎస్తేరక్కా, కిందికి దిగు. నీకొకటి చూపియ్యాల."

అంకాలు. కింది వరస ఇళ్ళలో ఉంటుంది, రొయ్యల షెడ్డులో పని. చంకలో ఆరు నెలల పిల్ల, పక్కన ఏడేళ్ళ పెద్దపిల్ల మహిత.

"నోరు తెరువు మా," అంది పెద్దదానితో.

తెరిచింది. కొత్తగా వచ్చిన పళ్ళన్నిటి మీదా గోధుమరంగు చారలు. రెండు పళ్ళ అంచులు పెళుసుగా విరిగాయి.

"కాళ్ళు దగ్గర పెట్టుకోని నిలబడు."

నిలబడింది. మోకాళ్ళు రెండూ ఆనుకున్నాయి, మడమల మధ్య జానెడు ఎడం ఉంది. అమ్మ చూపించమన్నవన్నీ చూపించి, ఆ పిల్ల నా వైపు చూసి నోరు చేత్తో మూసుకుంది.

"మా కుళాయి రోజూ పొద్దున్నే ఏం చెప్తంది? పుట చదివాను, తాగొచ్చు అంటంది. నువ్వు వేలిముద్దరేసిన పుటేగా అక్కా అది?"

"ఎప్పట్నుంచి పడుతున్నావు ఈ నీళ్ళు?"

"నాలుగేళ్ళు. అంతకుముందు పిల్లలున్న ఇళ్ళకి వద్దనేదిగా. రెండో బావి దాకా పోయి మోసుకొచ్చుకునేవోళ్ళం. ఒక పొద్దున తాగొచ్చంది. బావి బాగుచేశారేమోలే అని ఆ మూలకి తిరిగి దణ్ణం కూడా పెట్టుకున్నాం. వచ్చే నెల్లో ఈ చిన్నదానికి అన్నం ముట్టియ్యాల. నీళ్ళూ పట్టాల. ఏ నీళ్ళు పట్టను, చెప్పు?"

వాళ్ళు వెళ్ళాక పుట తెరిచాను. 'ఏడో బావి నీరు పిల్లలకు సైతం సురక్షితం. ఈ ప్రాంతంలో కొందరిలో కనిపించే స్వల్ప పంటిమచ్చలు వంశపారంపర్యంగా వచ్చేవి.'

వంశపారంపర్యం! నీళ్ళు అమ్మేవాణ్ణి వదిలేసి ఆ పిల్ల తాతముత్తాతల పళ్ళ మీద నేరం మోపిన వాక్యం అది. డబ్బు తిన్న వాక్యానికి ఒక నునుపు ఉంటుంది. 'సైతం' అంటుంది, 'స్వల్ప' అంటుంది. ఇన్నేళ్ళ కావలిలో అలాంటివి వందల్లో పట్టుకుని చెత్తబుట్టలో పారేశాను.

కింద రెండు వేలిముద్రలున్నాయి. ఒకటి మాస్టారిది. రెండోది నాది.

నమోదు 2. మంగళవారం, మార్చి 6

పుట పాత రూపాలు తవ్వాను. నాలుగేళ్ళ కిందటి వరకు అక్కడ ఉన్న వాక్యం: 'ఏడో బావి నీటిలో ఫ్లోరైడ్ హద్దు దాటింది. పదేళ్ళలోపు పిల్లలకు పట్టరాదు.' చదువురానివాడికి కూడా అర్థమయ్యే వాక్యం. దాన్ని మార్చిన మనిషి పేరు 'వెన్నెల దారి'. అసలు పేరు కాదు, సర్వస్వంలో చాలామంది పెట్టుకునే ముసుగు పేరు. ఉప్పు అన్న చోట 'లేదు' అని రాశాడు. వాడి మిగతా రాతలూ చూశాను. ఏడో బావి కాంట్రాక్టు తేటధార కంపెనీది. ఈ వెన్నెల దారి తిరిగిన పుటలన్నిటిలో తేటధార పేరు ఎక్కడో ఒకచోట మెత్తగా తగులుతూనే ఉంది. ఉప్పు తినకుండానే ఇంత ప్రేమ ఎవడికైనా ఉంటుందా?

అలాంటి వాక్యానికి నేను వేలిముద్ర ఎందుకు వేశానంటే, కొలిచాను కాబట్టి. కొలత లేకుండా నేను దేనికీ వెయ్యను. మా నియమంలో ఒక మంచి మాట ఉంది: కావలివాళ్ళు తాము తాగే నీళ్ళనే కొలవాలి, ఇంకొకరి నీళ్ళు కొలిచి చేతులు దులుపుకోకూడదు. తన గొంతులో పోసుకునేదాని గురించి ఎవరూ అబద్ధం చెప్పరని పెద్దలు అలా పెట్టారు. నా కుళాయికి వచ్చేది ఏడో బావి నీరే, కింది వరసకు పోయే గొట్టమే. ప్రతి నెలా ఒకటో తారీఖున నా వంటింట్లో కొలుస్తున్నాను. నాలుగేళ్ళ కిందట కొలత ఉన్నట్టుండి హద్దులోకి వస్తే బావి బాగుచేశారనుకున్నాను, అప్పట్నుంచి ప్రతి నెలా బాగుంది. ఇవాళ మళ్ళీ కొలిచాను. ఎర్రటి మందు రెండు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ ఉన్న నీటిలో పసుపుగా మారాలి. మారలేదు, దానిమ్మ గింజ రంగులోనే ఉంది.

సాయంత్రం నాలుగింటికి మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకు అరవై ఎనిమిది. హైస్కూల్లో నాకు రసాయనశాస్త్రం చెప్పింది ఆయనే, సర్వస్వంలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిందీ ఆయనే. వరండాలో తొట్ల నిండా తోటకూర. లోపలి గదిలో ఆయన భార్య సరోజినమ్మగారు మంచం మీద ఉన్నారు. ఆవిడకు కిడ్నీలు పోయి అయిదేళ్ళు. మంచం పక్కన రక్తం శుభ్రం చేసే యంత్రం నడుస్తోంది.

"అంకాలు పిల్లనా? చూశాలే వీధిలో. బలం లేదమ్మాయ్ ఆ ఇంట్లో. పాలూ గుడ్లూ ఉండొద్దూ?"

"వంశపారంపర్యం అని రాశాడు మాస్టారూ, వెన్నెల దారి అనేవాడు. అదేం మాట?"

"నువ్వే గదా కొలిచింది. నీ చేత్తో కొలిచినదాన్ని నువ్వే నమ్మకపోతే ఎట్టా? పెద్దగా పట్టించుకోబాకు. టీ తాగు."

తాగాను. ఆయన టీ ఎప్పుడూ బాగుంటుంది. ఇంటికొచ్చాక కూడా ఆ పిల్ల నోరు మూసుకున్న చెయ్యి కళ్ళ ముందు నుంచి పోలేదు.

నమోదు 3. బుధవారం, మార్చి 7

పొద్దున్నే మందు సీసా, గాజు గొట్టాలు సంచిలో వేసుకుని కింది వరసకు వెళ్ళాను. పదకొండేళ్ళలో ఈ పని మొదటిసారి చేశాను. నియమం నా కుళాయి చూడమంది, నేను నా కుళాయే చూసుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

అంకాలు కుళాయి తిప్పింది. "పుట చదివాను. తాగొచ్చు," అంది కుళాయి, చక్కటి ఆడగొంతుతో. నీళ్ళు పట్టి మందు వేశాను. గొట్టం కిందికి దించకముందే పసుపైపోయింది.

పక్కింట్లో పసుపు. ఆ పక్కింట్లో పసుపు. చివరింటి ముసలామె నా చేతిలో గొట్టం చూసి, "బంగారంలాగా ఉందే," అని నవ్వింది. ఆమె నడుము విల్లులా వంగిపోయి ఉంది.

ఇంటికొచ్చాను. నా కుళాయి నీళ్ళలో అదే మందు. ఎరుపు.

ఒకే బావి, ఒకే గొట్టం, ఒకే మందు. చాలాసేపు ఎరుపు గొట్టాన్నీ పసుపు గొట్టాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆ తర్వాత వంటగట్టు కిందికి వంగాను. అక్కడ మూరెడు పొడవున తెల్లటి వడపోత గొట్టం ఉంది. దాన్ని మాస్టారు బిగించారు. "సచివాలయం వాళ్ళు కావలివాళ్ళకి ఇస్తన్నారమ్మాయ్, ఇసక రాకుండా," అని చెప్పి తెచ్చారు. ఆరునెలలకోసారి ఆయనే పాత కాగితంలో చుట్టి కొత్తది తెచ్చేవారు. "నువ్వు వంగబాకు, నేను మారుస్తాలే," అని ఆ వయసులో గట్టు కిందికి దూరేవారు. నేను పక్కన నిలబడి లైటు చూపించేదాన్ని. ఎంత మంచాయన అనుకునేదాన్ని. ఒకసారి చేపలకూర కూడా పెట్టి పంపాను.

గొట్టం విప్పాను. లోపల నల్లటి గింజలు. లోపలి డొప్ప మీద అచ్చుపోసిన అక్షరాలు: తేటధార. గొట్టం తీసేసి నీళ్ళు పట్టి మందు వేశాను.

పసుపు.



లంచం ఇస్తే తీసుకోనని వాళ్ళకు తెలుసు. తీసుకోనిదాన్ని కాబట్టే నా కొలతకు విలువ ఉందనీ తెలుసు. అందుకని నన్ను కొనలేదు, నా నీళ్ళు కడిగారు. మొదటి గొట్టం బిగించిన తారీఖు నాకు గుర్తుంది, ఆ రోజు మా అమ్మ మొదటి సంవత్సరీకపు ప్రార్థన. దానికి సరిగ్గా వారం తర్వాత వెన్నెల దారి ఆ వాక్యం మార్చాడు. ఈ నాలుగేళ్ళూ ఊళ్ళో అందరికంటే శుభ్రమైన నీళ్ళు తాగుతూ, అందరూ తాగొచ్చని నేను వేలిముద్ర వేశాను. రోతగా ఉంది. వాళ్ళ మీద ఎంతో, నా మీద అంత.

నమోదు 4. గురువారం, మార్చి 8

మాస్టారింటికి వెళ్ళి ఆ గొట్టాన్ని ఆయన ముందు టీపాయి మీద పెట్టాను. ఆయన దాన్ని చూశారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"వెన్నెల దారి మీరే గదా మాస్టారూ?"

"గట్టిగా మాట్టాడబాకు. ఆవిడ ఇప్పుడే నిద్రపోయింది."

"మీరేనా?"

"నేనే."

నాకు అబద్ధం చెబుతారేమో అనుకున్నాను. చెప్పి ఉంటే తిట్టడానికి సులువయ్యేది.

"ఆ యంత్రానికి రోజూ ఎన్ని నీళ్ళు కావాలో తెలుసా నీకు? మామూలు నీళ్ళు కాదు, చుక్క మచ్చ లేని నీళ్ళు. సచివాలయాన్ని అడిగా, రాదన్నారు. ఆస్పత్రి పడవకి ఏణ్ణర్ధం వరస ఉందన్నారు. తేటధార వాళ్ళు రోజూ పొద్దున బండి పంపుతామన్నారు. పంపుతున్నారు. నేనొక్క రూపాయి ముట్టుకోలా."

"ఆ మాటే చెప్పుండొచ్చుగా. ఫలానా వాళ్ళ నీళ్ళు మా ఇంటికొస్తున్నాయి అని. మిమ్మల్ని ఎవరు కాదనేవాళ్ళు?"

"చెబితే పసుపు గీత పడుద్ది. గీత పడ్డ మాట కుళాయి చదవదు. కుళాయి చదవని మాట వాళ్ళకెందుకమ్మాయ్? బండి ఎందుకు పంపుతారు?"

ఆయన చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది. అసహ్యం వేసింది కూడా అందుకే. తరగతిలో సమీకరణం తూచినట్టు, ఒక పక్క భార్యనీ ఇంకో పక్క కింది వరస పిల్లలనీ పెట్టి తూచి, ఆ తూకం నా వంటింట్లో దాచాడు ఈ మనిషి. నాకు అణువులంటే ఏమిటో చెప్పిన మనిషి.

"వంశపారంపర్యం అన్న మాట కూడా మీదేనా?"

ఆయన గొట్టాన్ని నా వైపు తిరిగి జరిపారు.

"పాత వాక్యం తిరిగి పెడదాం. నాది ఒక వేలు, మీది ఒక వేలు. ఇవాళే, ఇప్పుడే."

"పెడితే రేపు పొద్దున బండి రాదు. నన్నట్టా అడగబాకు ఎస్తేరూ. ఆవిణ్ణి చూసి చెప్పు, పెట్టమంటావా?"

తలుపు సందులోంచి సరోజినమ్మగారి పాదం కనిపించింది, వాచిన పాదం. లేచి వచ్చేశాను.

ఇద్దరి వేలు లేకుండా వాక్యం మారదు. మా అమ్మ కాలంలో యంత్రాలు రాసిన రాతలు లోకం నిండా పడి, పసిపిల్లల దగ్గుమందు మోతాదు కూడా తప్పుగా చెప్పి, ఇంటికో ఏడుపు మిగిల్చాయి. బతికున్న ఇద్దరు మనుషులు వేలిముద్ర వేసినదాన్నే ఇంట్లో యంత్రం నమ్మాలని అప్పుడు పెట్టుకున్నారు. మంచి నియమమే. ఒకరు కాదంటే పైమండలికి ఫిర్యాదు పెట్టాలి. పెట్టాను. వానలు పడేలోపు చూస్తామని జవాబొచ్చింది. అంటే జూన్. అంకాలు చిన్నపిల్లకు ఏప్రిల్లో నీళ్ళు పట్టాలి.

నమోదు 5. శుక్రవారం, మార్చి 9

ఎండుచేపలు తిరగేస్తుంటే తేటధార మనిషి వచ్చాడు. పేరు విశ్వతేజ. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా. మా మెట్ల మీద చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు. అంత మర్యాద చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

"మాస్టారు చెప్పారండీ, మీరు కొంచెం బాధపడ్డారని."

"కొంచెం కాదు."

"మేము అబద్ధం రాయమని ఎవర్నీ అడగలేదు మేడం. సరిచూసింది మీరు. కొలిచింది మీరు. వేలిముద్ర మీది. రేపు విచారణ వస్తే ముందు మీ పేరే వస్తది. మీకెందుకండీ ఆ గోల? వచ్చే ఏడు కింది వరసకి కూడా వడపోత గొట్టాలు పెట్టే ఆలోచన ఉంది మాకు."

"వచ్చే నెల పెట్టండి."

"ప్లానింగ్ ఉంటది గదండీ."

గొట్టం తీసేసిన నా కుళాయి తిప్పాను. "పుట చదివాను. తాగొచ్చు," అంది. గ్లాసు నింపి అతని ముందు పెట్టాను. తాగడని, నీళ్ళు నమిలి వెళ్ళిపోతాడని అనుకున్నాను.

ఎత్తి గడగడా తాగేశాడు. మూతి తుడుచుకుని నవ్వాడు. "మీరు కెమిస్ట్రీ చదువుకున్నారు గదండీ. ఒక గ్లాసుతో పెద్దవాళ్ళకేమవుద్ది? తియ్యగా ఉన్నాయి కూడా."

ఆ గ్లాసును కడగాలనిపించలేదు. బయట పారేశాను.

నమోదు 6. ఆదివారం, మార్చి 11

రెండు రోజులు నియమావళి చదివాను. తొమ్మిదో నియమం దగ్గర ఆగాను. దాన్ని ఎవరైనా వాడగా నేను చూడలేదు. ఎదుటివాడి ఉప్పు బయటపెట్టడానికి చాలామంది వస్తారు, ఇది తన ఉప్పు తానే బయటపెట్టుకునేవాళ్ళ కోసం.

'కావలివారు తెలిసి గానీ తెలియక గానీ ఉప్పు తిని, ఆలస్యంగా సభలో చెప్పినచో, ఆ ఉప్పు మొదలైన రోజు నుంచి వారు వేసిన వేలిముద్రలన్నీ చెల్లవు. ఆ పుటలు అంతకుముందున్న రూపానికి తిరిగిపోయి, విచారణ ముగిసేవరకు తాళం పడును. వారు మరల కావలికి అర్హులు కారు.'

రెండో వేలు అక్కర్లేదు. మాస్టారు ఒప్పుకోనక్కర్లేదు. నేను ఒక్కదాన్ని లేచి నిలబడితే ఏడో బావి వాక్యం నాలుగేళ్ళు వెనక్కి పోతుంది, కింది వరస కుళాయిలు పిల్లలకు వద్దంటాయి.

కానీ అదొక్కటే పోదు. ఈ నాలుగేళ్ళలో, నీళ్ళవే కాక అన్ని రకాలవీ కలిపి, నేను వేలు పెట్టిన పుటలు మూడువందల పన్నెండు. పాముకాటు పుటలో విరుగుడు మందు పడవల రేవులో కూడా దొరుకుతుందని చేర్చిన వాక్యం పోతుంది. తుపాను వస్తే ఏ మేడ ఎక్కాలో కొత్తగా రాసిన జాబితా పోతుంది. మా అమ్మ వలలు అల్లుతూ చెప్పిన ముడుల పేర్లన్నీ గుర్తుతెచ్చుకుని రాసిన పుట మొత్తం పోతుంది, దానికి అంతకుముందు రూపమే లేదు. అదొక్కటీ చదువుకుంటూ శనివారం సాయంత్రం ఏడ్చాను. ఆ తర్వాత పాముకాటు వాక్యాన్నీ తుపాను మేడల పేర్లనూ పెద్ద అక్షరాలతో కాగితాల మీద రాసుకున్నాను. ఇవాళ గుడికీ చర్చికీ పోయేవాళ్ళ మధ్యలో తిరిగి, గంజి రాసి గోడల మీద అంటించాను. ముడుల పుటను అంటించడానికి గోడ సరిపోదు.

మధ్యాహ్నం అంకాలు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. నా వంటగట్టు కింద ఉన్న గొట్టం సంగతి కూడా. ఆమె పిల్లకు జడ వేస్తూ విన్నది. జడ కొసకు వచ్చాక అంది.

"అంటే నువ్వు మంచినీళ్ళు తాగావు, మా పిల్ల ఇవి తాగింది."

"అవును."

"నీకు తెలవదు."

"తెలియదు. తెలుసుకోవాల్సింది నేనే."

రబ్బరు బ్యాండు వేసింది. "ఇప్పుడు నువ్వు చెప్తే మా కుళాయిలు కట్టేస్తారు. రెండో బావి దాకా పోవాల మళ్ళీ. వరసలో వోళ్ళు నిన్ను తిడతారు అక్కా, నన్ను కూడా తిడతారు."

"తిడతారు. చెప్పొద్దంటావా?"

"చెప్పు. మొయ్యటం మాకు కొత్తా? ఇన్నాళ్ళూ మొయ్యకుండా ఉన్నందుకే గదా ఇది వచ్చింది."

మహిత నా వైపు చూస్తోంది. క్షమించమని అడగాలనుకున్నాను. ఏడేళ్ళ పిల్లను ఏమని అడగాలి? ఊరికే తల నిమిరి వచ్చేశాను.

నమోదు 7. సోమవారం, మార్చి 12

సభకు పదహారుమందీ వచ్చారు. బల్ల మీద టీ కప్పులు, మూలన తాగునీటి కుళాయి, పైన ఫ్యాను. పక్కగదిలో సచివాలయం వాళ్ళ పిల్లలు ఆడుకుంటారు కాబట్టి ఈ కుళాయికీ పిల్లలున్న ఇంటి లెక్కే. వరసగా అడిగారు.

"ఉప్పు?" "లేదు." "ఉప్పు?" "లేదు." ఒకాయన బిస్కెట్టు నములుతూ చెప్పాడు.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను.

"తిన్నాను," అన్నాను.

అడిగే ఆవిడ నేను ఏదో తమాషా చేస్తున్నాననుకుని నవ్వింది. నేను సంచిలోంచి వడపోత గొట్టం తీసి టీ కప్పుల మధ్య పెట్టాను. తేటధార గొట్టం నాలుగేళ్ళుగా నా వంటింట్లో ఉందనీ, నా కొలతలన్నీ దానిలోంచి వచ్చిన నీళ్ళవేననీ, తెలియక తిన్నాననీ, తొమ్మిదో నియమం కింద చెబుతున్నాననీ చెప్పాను. దాన్ని ఎవరు తెచ్చారో చెప్పలేదు. అది చెప్పాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇంకా ఆయన వంతు రాలేదు.

"బాగా ఆలోచించుకున్నారా అమ్మా? మళ్ళీ కావలికి రాలేరు," అంది ఆవిడ.

"ఆలోచించుకున్నాను. రాసుకోండి."

రాసుకుంది. నా వేలిముద్ర తీసుకుంది, ఆఖరిసారి. మూలనున్న కుళాయి, ఎవరూ తిప్పకుండానే, ఆ ఆడగొంతుతోనే పలికింది. "పుట మారింది. ఏడో బావి నీరు పదేళ్ళలోపు పిల్లలకు పట్టరాదు."

గదిలో ఎవరూ కప్పు ముట్టుకోలేదు. ఆవిడ కాగితంలో తర్వాతి పేరు చూసింది.

"మస్తాన్‌రావు మాస్టారూ. ఉప్పు?"

ఆయన గొట్టం వైపు చూశారు, నా వైపు చూశారు. అది ఎవరు బిగించారో, ఎవరు మార్చేవారో నా నోటి నుంచి రానందుకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అందుకే ఆయన వంతు ఆయనకు వదిలేశాను.

"లేదు," అన్నారు మాస్టారు.

నమోదు 8. మంగళవారం, మార్చి 13

పొద్దున మా వీధిలోంచి కింది వరస ఆడవాళ్ళు బిందెలతో రెండో బావికి వెళ్ళారు. ఇద్దరు ముగ్గురు మా గుమ్మం ముందు ఆగి, నేను వినేటట్టు తిట్టారు. విన్నాను. అంకాలు వాళ్ళ వెనక రెండు బిందెలతో నడుస్తోంది. నేనూ ఒక బిందె తీసుకుని ఆమె వెనక వెళ్ళాను. మంచి దూరమే. తిరిగొచ్చేసరికి నడుము పట్టేసింది. మహిత గుమ్మంలో కూర్చుని, మేం తెచ్చిన నీళ్ళు గ్లాసుతో తాగింది, పళ్ళు కనపడకుండా.

మాస్టారింటికి ఇవాళ తేటధార బండి రాలేదు. ఆయన 'లేదు' అన్నది దేనికోసమో, అది కూడా దక్కలేదు. వాళ్ళ వాక్యాన్ని కాపాడలేని మనిషికి వాళ్ళెందుకు నీళ్ళు పోస్తారు? సరోజినమ్మగారికి యంత్రం ఎల్లుండిలోపు నడవాలి. ఆస్పత్రి పడవ వాళ్ళను పట్టుకుని, నడిమి వరసలో ఒకరు మానుకున్న చోటు రేపటికి రాయించాను. తోడు వచ్చే మనిషి పేరు అన్నచోట నా పేరు రాశాను. మాస్టారు తలుపు తీసి చీటీ తీసుకున్నారు. లోపలికి రమ్మనలేదు. నేనూ వెళ్ళలేదు. ఆయన్ని ఇంకా అసహ్యించుకుంటూనే ఉన్నాను, ఈ చీటీతో అది తగ్గలేదు.

ఈ చిట్టా ఇవాళ్టితో నా చేతిలోంచి పోతుంది. తాళం వేసేముందు ఒక్క దిద్దుబాటుకు అవకాశం ఇస్తారు. దానికి రెండో వేలు అక్కర్లేదు. మొదటి నమోదు మొదటి వాక్యాన్ని ఇలా దిద్దుతున్నాను, పసుపు గీతతో సహా:

ఈ చిట్టా రాసిన ఎస్తేరు రాణి నాలుగేళ్ళు తేటధార వడపోసిన నీళ్ళు తాగింది. ఆ నాలుగేళ్ళలో ఆమె బాగుందని చెప్పిన దేన్నీ, ఎవరి ఇంట్లోనైనా సరే, మళ్ళీ కొలవకుండా నమ్మకండి.